నిప్పుకి బెదరవు, వానకి బెదురుతాయి

అమలాపురం

ఒరేయ్ శీనూ,

2011 దాకా ఎగిరిన అమెరికా వాళ్ళ అంతరిక్ష విమానం స్పేస్ షటిల్, భూమికి దిగేటప్పుడు ఆ వేడికి మాడిపోకుండా ఎలా ఉండేదని మొన్న ఫోన్లో మీవాడు అడిగాడు కదా, జవాబు చెప్పేలోపే సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం. వాడికి చదివి వినిపించు.

గాలి రాపిడి వల్లే స్పేస్ షటిల్‌కి అంత వేడి పుట్టేదనుకుంటున్నాడు కదా, రాపిడి కొంతే. గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో మీదికొస్తుంటే ముందున్న గాలికి పక్కకి తప్పుకునే టైమే ఉండదు. ఉన్నచోటే నలిగి భగ్గుమంటుంది. లోపలేమో అల్యూమినియం ఒళ్ళు, అది 175 డిగ్రీలు దాటనివ్వకూడదు. మధ్యలో అడ్డం నిలిచేవి షటిల్ ఒంటి మీద అతికించిన పలకలే.

వాటిని దేంతో చేసేవారో తెలుసా? సిలికాతో. మన రైస్ మిల్లు వెనక గుట్టలు పోసే ఊక బూడిద ఉంది చూడు, అందులోనూ ఎక్కువ భాగం అదే. (ఆ గుట్టల మీద దొర్లి ఇంటికెళ్తే మీ నాన్నగారు నీ వీపు విమానం మోత మోగించారు, మర్చిపోయావా?) స్వచ్ఛమైన సిలికా పోగుల్ని అచ్చుపోసి కొలిమిలో కాల్చేవారు. తయారైన పలకలో 90 శాతం పైగా ఉత్త గాలే! అందుకే వేడి లోపలికి పాకదు. 1,260 డిగ్రీల కొలిమిలోంచి తీసిన పలకని కొన్ని సెకన్లకే మూలలు పట్టుకుని ఒట్టి చేతుల్తో ఎత్తొచ్చు. నడిమి భాగం అప్పటికింకా కణకణలాడుతూనే ఉంటుంది.

అంత మొనగాడికి వానంటే హడల్. నీళ్ళు పీల్చుకుని బరువెక్కిపోతుంది. అందుకని ప్రతి ప్రయాణం తర్వాతా పలక పలకకీ సూదితో నీళ్ళంటని మందు ఎక్కించేవారు. కొలంబియా అనే షటిల్‌కి అతికినవి 30 వేలకు పైనే! మన పెంకుటింటికైతే పెంకు పగిలితే వసారాలోది తీసి పెట్టేస్తాం. అక్కడ ఏ పలక కొలత దానిదే, నంబరు చూసి మళ్ళీ చేయించాల్సి వచ్చేది. ఆ పనివాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలిరా.

కల్పనా చావ్లా పోయిన కొలంబియా ప్రమాదానికి మాత్రం పలకల్ని తిట్టుకోకు. 2003లో ఇంధన ట్యాంకు మీంచి ఊడిన నురుగు ముక్క కొట్టుకుని చిల్లుపడింది ఎడమ రెక్క అంచునున్న కార్బన్ పలకకి, వీటికి కాదు.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పంపిన ఇస్రో వాళ్ళ చిన్న వ్యోమనౌక ఎస్‌ఆర్‌ఈ-1 ఇలాంటి సిలికా పలకలు కప్పుకునే కక్ష్యలోంచి దిగొచ్చి, 22న మన బంగాళాఖాతంలోనే పడింది. ముందే ఈ సంగతి చెబితే మీవాడు మిగతాది వినడని ఆఖర్న రాశాను.

సంక్రాంతికి వస్తున్నారో లేదో తేల్చి రాయి. ఆత్రేయపురంలో పూతరేకులకి ముందే చెప్పాలి.

నీ
రాంబాబు