గుర్రాల ఆసుపత్రికి ముందు కావలసింది వైద్యులు

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ, గుంటూరు నగరాల్లో పెళ్లి ఊరేగింపులకూ, ఉత్సవాలకూ గుర్రాలను తిప్పి బతుకుతున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుర్రాలకు ప్రాణం మీదికి వస్తే శస్త్రచికిత్స దాకా చూడగల చోటు మన చేరువలో ఒకటి ఉండాలనీ, అది గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల బోధనాసుపత్రిలో ఏర్పడటం సమంజసమనీ నా అభిప్రాయం. అయితే ఇలాంటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాటలు స్థలం, షెడ్లు, యంత్రాల చుట్టూ తిరిగి అక్కడితో ఆగిపోతున్నాయి. ఆసుపత్రిని నడిపే పశువైద్యులను తయారు చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది కనుక, ఆ పని అన్నిటికంటే ముందు మొదలు కావాలని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మన పశువైద్యుల సామర్థ్యం మీద నాకు ఏ సందేహమూ లేదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదివి వచ్చిన వైద్యుడు మండలంలో గేదెలు, ఆవులు, గొర్రెలు, కోళ్లు, కుక్కలు అన్నిటినీ ఒంటిచేత్తో చూస్తున్నాడు. కానీ అతని చేతికి రోజూ వచ్చేది పాడిపశువు. గుర్రం శరీరం తీరే వేరు. అది నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు. పొట్టలో వాయువో ద్రవమో నిండిపోతే ముక్కులోంచి గొట్టం వేసి బయటికి తీయాలి. ఆ గొట్టం అన్నవాహికలోకి కాక శ్వాసనాళంలోకి దిగినట్టు గమనించకుండా మందు పోస్తే గుర్రం దక్కదు. మత్తుమందు సంగతీ అంతే. పశువైద్యంలో తరచుగా వాడే జైలజిన్ అనే మందు గుర్రానికి ఎంత కావాలో, ఆవుకు అందులో సుమారు పదోవంతు చాలు. ఆవుకు కడుపు కోసినా, దూడను కోసి తీసినా చాలాసార్లు ఆ భాగానికి మాత్రం తిమ్మిరి మందు ఇచ్చి, నిలబెట్టే పని పూర్తి చేస్తారు. పేగు మెలిపడ్డ గుర్రాన్ని పూర్తి మత్తులో వెల్లకిలా పడుకోబెట్టక తప్పదు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. అయినా ఏడాదికి ఒకటో రెండో గుర్రాలను చూసే వైద్యుడికి చేయి తిరగమంటే ఎలా తిరుగుతుంది?

గుర్రాలకు అత్యవసరంగా వైద్యుణ్ణి పిలవవలసి వచ్చే కారణాల్లో మొదటిది కడుపునొప్పి, వైద్యులు కోలిక్ అనేది. మన దగ్గర దీనికి పెళ్లిళ్ల కాలంతో సంబంధం ఉంది. మూఢంలో పని ఉండదు, చేతిలో డబ్బు ఉండదు, ఎండుగడ్డితోనే నెట్టుకొస్తారు. ముహూర్తాలు మొదలుకాగానే ఒంట్లో బలం రావాలని ఉలవలూ దాణా ఒక్కసారిగా పెంచుతారు. రాత్రంతా ఊరేగింపులో నిలబడ్డ గుర్రానికి నీళ్లు వేళకు అందవు. తెల్లవారేసరికి అది ముందుకాలితో నేల గీరుతూ, మాటిమాటికీ పొట్టవైపు తిరిగి చూస్తూ, చెమటలు కక్కుతూ దొర్లడం మొదలుపెడుతుంది. చాలావరకు ఈ నొప్పి మందులతోనే తగ్గిపోతుంది. పెద్దపేగు మెలి తిరిగిన గుర్రానికి మాత్రం వ్యవధి కొన్ని గంటలే. ఏది మందుతో తగ్గేది, ఏది కత్తికి పోవలసినది అని తేల్చడమే ఇక్కడ అసలైన వైద్యం. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకునే గుండె 60 దాటిందా, చిగుళ్ల రంగు మారిందా, పేగుల చప్పుడు వినిపిస్తోందా అని గంట గంటకూ చూడాలి. నొప్పి తగ్గించే సూది పడగానే గుర్రం కుదుటపడినట్టు కనిపిస్తుంది. ఆ కాసేపట్లో లోపల పేగు చచ్చిపోతుండవచ్చు.

మా పేటలో ఒక కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క తెల్లగుర్రం నిరుటి మాఘమాసంలో ఇలాగే పడిపోయింది. అర్ధరాత్రి పిలిస్తే వచ్చిన పశువైద్యుడు గొట్టం వేసి, సెలైన్ ఎక్కించి, తెల్లవారేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. ‘‘ఇది ఆపరేషన్ కేసమ్మా, ఇక్కడ నేను చేయగలిగింది అయిపోయింది’’ అని ఆ ఇంటి ఇల్లాలితో చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాం. హైదరాబాదు తీసుకువెళదామని లారీ మాట్లాడారు గానీ, గుర్రం సూర్యాపేట దాటలేదు. ఆ వైద్యుడి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. ఆయన వెనుక నిలబడవలసిన మరో ముగ్గురు నలుగురు లేకపోవడమే లోపం.

ఆ ముగ్గురు నలుగురి మాట వివరంగా చెప్పాలి. పొట్ట కోయడానికి ఒక శస్త్రవైద్యుడు, మత్తు చూసుకోవడానికి మరొకరు, ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి నీరూ లవణాలూ నొప్పీ గమనించే అంతర్గత వ్యాధుల వైద్యుడు, రాత్రి కాపలాకు జూనియర్లు ఉండాలి. మత్తు చూసే వైద్యుడి గురించి మనవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు. పలు దేశాల ఆసుపత్రులను కలుపుకుని జరిగిన పరిశీలనల్లో, పూర్తి మత్తు ఇచ్చిన గుర్రాల్లో దాదాపు నూటికి ఒకటి ఆ కారణంగా చనిపోతున్నట్టు తేలింది; కోలిక్ శస్త్రచికిత్సల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. నాలుగైదు వందల కిలోల బరువుతో గంటల తరబడి పడుకున్నందువల్ల కండరాలు దెబ్బతింటాయి. మెలకువ వస్తూనే బెదిరి లేవబోయి కాలు విరగ్గొట్టుకునే గుర్రాలున్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ కేంద్రంలో ఈ ప్రమాదం తప్పించడానికి గుర్రాన్ని తెప్పలో అమర్చి, నీటికొలనులో తేలుస్తూ మెలకువ తెప్పిస్తారు. 2006లో పందెంలో కాలు విరిగిన బార్బారో అనే గుర్రానికి అక్కడే ఎముకలు కలిపి, ఎనిమిది నెలలపాటు సేవ చేశారు. చివరికి ఇతర కాళ్ల గిట్టలకు వచ్చిన లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) వల్ల దాన్ని దక్కించుకోలేకపోయారు. మొదటి శస్త్రచికిత్స ఒక్క పూటలో ముగిసింది, వైద్యుల పని మాత్రం ఆ ఎనిమిది నెలలూ సాగింది.

అంత సంపన్న దేశంలోనూ ఈ వైద్యులు నిలవడం లేదు. పట్టా తీసుకున్న కొత్తవారిలో నేరుగా గుర్రాల వైద్యంలోకి వచ్చేవారు నూటికి ఒకరిద్దరేననీ, వచ్చినవారిలో సగంమంది ఐదేళ్లలోనే కుక్కలు, పిల్లుల వైద్యానికి మారిపోవడమో వృత్తినే వదిలేయడమో జరుగుతోందనీ అక్కడి గుర్రాల వైద్యుల సంఘమే ప్రకటించి, 2022లో ఇందుకోసం ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసుకుంది. రాత్రి పిలుపులు, తక్కువ జీతం, తన్నుల ప్రమాదం, సొంత జీవితానికి వేళ లేకపోవడం ఇందుకు కారణాలు. మనం ఒక్క వైద్యుణ్ణి నియమించి, ఇరవై నాలుగు గంటలూ ఆయనే చూసుకుంటాడని బోర్డు పెడితే ఏడాది తిరగకముందే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది.

గుర్రాలు ఎన్ని ఉన్నాయని ఇంత ఖర్చు అని కొందరు అడగవచ్చు. నిజమే, 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తంలో గుర్రాలూ పొట్టి గుర్రాలూ కలిపి 3.4 లక్షలే, 2012 నాటితో పోలిస్తే నూటికి 45 పైగా తగ్గాయి. గాడిదలు మరీ తగ్గి 1.2 లక్షలకు చేరాయి. తక్కువున్నాయి కాబట్టే ప్రతి జిల్లాకూ ఒకటి అడగడం లేదు, రాష్ట్రం నడిమధ్యన ఒక్కటి చాలంటున్నాను. రేసు గుర్రాలకు క్లబ్బుల వైద్యులున్నారు, సైన్యం గుర్రాలకు సొంత పశువైద్య విభాగం ఉంది. జబ్బు చేసినప్పుడు దిక్కులేనిది పేదవాడి గుర్రానికీ, ఇటుకలూ బట్టల మూటలూ మోసే గాడిదకూ మాత్రమే.

ఇందులో మనుషుల ఆరోగ్యం కూడా ఉంది. గ్లాండర్స్ అనే వ్యాధి గుర్రాలు, గాడిదల నుంచి మనుషులకు సోకుతుంది. 2009 నాటి చట్టం ప్రకారం దీన్ని తప్పనిసరిగా అధికారులకు తెలపాలి, నిర్ధారణ అయిన జంతువును బాధ లేకుండా చంపివేయాలి. అందుకే యజమాని భయపడి ముక్కు కారుతున్న గుర్రాన్ని దాచేస్తాడు. ఆ గుర్రమే మర్నాడు పెళ్లి ఊరేగింపులో పిల్లల మధ్య నిలబడుతుంది. అతను దాచకుండా ఉండాలంటే, తన గుర్రం ప్రాణం ఒకసారైనా నిలిపిన వైద్యుడు, పరిహారం ఇప్పించే బాధ్యత తీసుకునే వైద్యుడు అతనికి తెలిసి ఉండాలి.

పశుసంవర్ధక శాఖనూ, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయాన్నీ నేను కోరేది ఇది. ఆసక్తి ఉన్న యువ వైద్యులను కనీసం నలుగురిని ఎంచి, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికీ, గుర్రాల శస్త్రచికిత్సలు నిత్యం జరిగే రేసు క్లబ్బుల ఆసుపత్రులకూ వంతులవారీగా పంపాలి. వారం పది రోజుల శిక్షణతో సరిపెట్టకుండా, స్వయంగా కోసి కుట్టే దశకు వచ్చేదాకా అక్కడ ఉంచాలి. తిరిగి వచ్చాక రాత్రి విధులకు విడిగా భత్యం, మర్నాడు సెలవు ఇవ్వాలి. మూఢం రోజుల్లో ఆ బృందమే విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో గుర్రాలున్న పేటలకు వెళ్లి ధనుర్వాతం టీకాలు వేయాలి, పళ్లూ గిట్టలూ చూడాలి, గ్లాండర్స్ పరీక్షకు రక్తం తీయాలి. పశువైద్య సేవల ఫోన్ నంబరు 1962కు ఫోన్ చేసినవారు గుర్రం అని చెప్పగానే పిలుపు నేరుగా ఈ బృందానికి కలిసే ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, శిక్షణ పొంది వచ్చిన వైద్యులను పాడిపశువుల కేంద్రాలకు మార్చకుండా, కనీసం ఏడేళ్లపాటు ఆ పోస్టులను సాధారణ బదిలీల నుంచి మినహాయిస్తూ నియామకపు ఉత్తర్వులోనే రాయాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.