మొహం చూడకపోతే స్నేహం కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం. ఫోన్లో పరిచయమైనవాళ్లు స్నేహితులెలా అవుతారని మొన్న మీ పేపర్లో ఒకాయన రాశారు, నేనైతే ఒప్పుకోనండీ. నాలుగేళ్లుగా మేం పదిమందిమి ఆన్‌లైన్లోనే కలిసి పుస్తకాలు చదువుతున్నాం, ఒకరినొకరం చూసుకున్నది లేదు, అయినా ఎవరికి ఎక్కడ ఏడుపొస్తుందో, ఎవరు చివరి చాప్టర్ ముందే చదివేస్తారో (ఆ దొంగని నేనే) అందరికీ తెలుసు. ఒకావిడతో ఓ నవల మీద రెండు వారాలు గొడవపడ్డా, తర్వాత నాకు కంటి ఆపరేషన్ అయితే ఆవిడే రోజుకో చాప్టర్ చదివి వాయిస్ మెసేజ్‌లు పెట్టింది, పక్కింటివాళ్లకైతే ఆపరేషన్ సంగతే తెలీదు.

అయినా ఇది కొత్తేం కాదు. హెలీన్ హాన్ఫ్ అనే అమెరికా రచయిత్రి 1949లో లండన్‌లోని పాత పుస్తకాల షాపుకి ఉత్తరం రాస్తే, అక్కడ పనిచేసే ఫ్రాంక్ డోయెల్‌తో దాదాపు 20 ఏళ్లు ఉత్తరాలు నడిచాయి, 1968లో ఆయన పోయేదాకా ఇద్దరూ కలవనేలేదు. మరి దాన్నేమంటారు?

కాకపోతే పుస్తకం తెరవకుండానే సూపర్ అని పెట్టేవాళ్లు మాలోనూ ఇద్దరున్నారు, వాళ్ల సంగతి ఇంకోసారి రాస్తా.

ఇట్లు,
ఒక పాఠకురాలు