బ్యాగు భద్రం: బయల్దేరేవాళ్లు ఒకసారి చదవండి

అందరికీ నమస్తే. ప్రయాణంలో బ్యాగుకి తాళం వేస్తే సరిపోతుందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

జిప్పుకి తాళం వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. మామూలు జిప్పు పళ్లను బాల్‌పెన్ మొనతో పొడిచి తెరవచ్చు. తర్వాత రన్నర్‌ని అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుంటుంది, తెరిచిన ఆనవాలే ఉండదు! టీఎస్ఏ తాళాలని ఉంటాయి, అమెరికా విమానాశ్రయాల భద్రతా సిబ్బంది వాటిని తమ దగ్గరున్న మాస్టర్ కీలతో తెరవగలరు. ఆ మాస్టర్ కీల నమూనాలు 2015లోనే ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. తాళం వేయండి, కానీ దాని మీదే భారం వేయకండి.

పాస్‌పోర్టు, డబ్బు, ఒక కార్డు బట్టల లోపలి పౌచ్‌లో ఒంటి మీదే ఉండాలి. రెండో కార్డు, కొంత నగదు పెద్ద బ్యాగు అడుగున పెట్టండి. రెండు కార్డులూ ఒకే పర్సులో ఉంటే ఒకటున్నట్టే లెక్క.

రాత్రి బస్సుల్లో చిన్న బ్యాగు పైఅరలో వద్దు. నేనోసారి అలా పెట్టి నిద్రపోయాను, లేచేసరికి బ్యాగుంది, కెమెరా లేదు. ఇప్పుడు పట్టీ కాలికి చుట్టుకునే పడుకుంటున్నాను.

హాస్టల్ లాకర్లకి చాలాచోట్ల తాళం మనమే తెచ్చుకోవాలి. గొళ్లెం రంధ్రం సన్నగా ఉంటే లావు తాళం దూరదు, సన్నది కొనండి.

పవర్‌బ్యాంకు మాత్రం చెకిన్ బ్యాగులో పెట్టకండి, విమానాల్లో ఒప్పుకోరు. పాస్‌పోర్టు, వీసా ఫొటోలు ఈరోజే మీ మెయిల్‌కి పంపుకోండి.