ఓడ ఎవరి కోసం ఆగుతుంది?

సంపాదకులకు,

సెలవులు దగ్గరపడుతుంటే క్రూజ్ ప్రకటనలు జోరందుకుంటాయి. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ ఒకవైపు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల కోసం అలాస్కా ఇంకోవైపు. రోమ్, నేపుల్స్, గ్రీసు దీవి శాంతోరిని చూసి వస్తున్న మనవాళ్లూ తక్కువేం లేరు. ఓడలో ఎన్ని అంతస్తులున్నాయో, బఫేలో ఏం పెడతారో పత్రికలు వివరంగా రాస్తున్నాయి. రేవులో దిగాక ఆ ఎనిమిది, పది గంటలు ఎలా గడపాలో మాత్రం రాయడం లేదు. ఓడ కంపెనీ అమ్మే టూరు తీసుకోవాలా, బయట సొంతంగా ఏర్పాటు చేసుకోవాలా అన్నది ప్రయాణికులందరికీ వచ్చే సందేహం. దీనికి ‘అన్నీ ఓడవాళ్ల దగ్గరే కొనండి’ అనో, ‘వాళ్లది దోపిడీ, బయటే చూసుకోండి’ అనో ఒక్క ముక్కలో సలహా ఇచ్చేస్తుంటారు. రెండూ తప్పే. ఏ రేవుకు ఆ రేవు విడిగా తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ముందు అసలు తేడా చెప్పాలి. ఓడ కంపెనీ ద్వారా కొన్న టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగడం కుదరకపోతే తర్వాతి రేవుకు కంపెనీయే తన ఖర్చుతో చేరుస్తుంది. బయట కొన్న టూరుకు ఈ హామీ ఉండదు. 2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరంలోని సావో తోమె దీవిలో ప్రైవేటు టూరుకు వెళ్లిన 8 మంది ఆలస్యంగా వచ్చారు. నార్వేజియన్ డాన్ ఓడ అప్పటికింకా కనుచూపు మేరలోనే లంగరేసి ఉంది. తీర రక్షక దళం వాళ్లను పడవలో ఓడ దాకా తీసుకెళ్లినా ఎక్కనివ్వలేదు. పాస్‌పోర్టులు రేవులో ఓడ కంపెనీ తరఫున పనులు చూసే పోర్టు ఏజెంటుకు అప్పగించి ఓడ వెళ్లిపోయింది. దేశాలు దాటుకుంటూ వెళ్లి చివరికి సెనెగల్‌లోని డాకర్‌లో ఓడను అందుకున్నారు.

మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఏజెన్సీ గ్రూపుతో వెళ్తాం, టూర్ మేనేజర్ వెంట ఉంటాడు, రేవు బయట బస్సు సిద్ధంగా ఉంటుంది. ‘నలభై మందిమి ఉన్నాం, మనల్ని వదిలేసి ఎలా పోతుంది?’ అనుకుంటాం. పోతుంది. ఏజెన్సీ సొంతంగా కుదిర్చిన బస్సు ఓడ లెక్కలో బయటి టూరే. ఈ మాట డబ్బు కట్టించుకునేటప్పుడే, రాతపూర్వకంగా, రేవుల వారీగా చెప్పే బాధ్యత ఏజెన్సీలది. ఏ రేవులో ఓడ టూరు, ఏ రేవులో తమ బస్సు అన్నది ప్రయాణ వివరాల కాగితంలో ఒక గడిగా ఉంటే చాలు. అది లేని కాగితం ఇస్తే అడిగి రాయించుకోండి.

ఇక రేవుల సంగతి. పెనాంగ్‌లో ఓడ స్వెట్టెన్‌హామ్ జెట్టీకే వస్తుంది, దిగితే జార్జ్‌టౌన్ నడిబొడ్డు. క్లాక్ టవర్, కార్న్‌వాలిస్ కోట నాలుగడుగుల్లో ఉంటాయి. లిటిల్ ఇండియా, మహామారియమ్మన్ గుడి నడకదూరమే, శాకాహార భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడ ఓడ టూరు కొనడం డబ్బు దండగ. పోర్ట్ క్లాంగ్‌లో ఆగే ఓడైతే లెక్క మారిపోతుంది. కౌలాలంపూర్ అక్కడికి 40 కిలోమీటర్ల పైమాటే, బతు గుహలు ఇంకా ముందుకు, ట్రాఫిక్ దారుణం. ఫుకెట్‌లో చాలా ఓడలు పటోంగ్ బీచ్‌కు ఎదురుగా సముద్రంలో లంగరేసి, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని దింపుతాయి. ఓడ టూరువాళ్లకు మొదటి పడవలు, మిగతావాళ్లు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. బయటి టూరు పొద్దున తొమ్మిదికి బుక్ చేసుకుని పదిన్నరకు ఒడ్డుకు చేరేవాళ్లు అందుకే కనిపిస్తుంటారు. టెండర్ రేవులో బయటి టూరు కావాలంటే ఓడ ఆగే సమయానికి కనీసం రెండు గంటల తర్వాతే మొదలయ్యేలా పెట్టుకోవాలి. మే నుంచి అక్టోబరు దాకా ఆ తీరంలో అలలు పోటెత్తితే టెండర్లు ఆపేస్తారు. అప్పుడు ఓడ టూరు డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. బయట మాత్రం ‘ఓడ ఆగకపోతే పూర్తి డబ్బు వాపసు’ అన్న షరతు స్పష్టంగా ఉండాలి. ‘24 గంటల ముందు రద్దు చేసుకుంటే ఉచితం’ అనేది ఇక్కడ పనికిరాదు. రేవు రద్దయిందని తెలిసేది ఆ పొద్దునే.

శాంతోరినిదీ టెండర్ వ్యవహారమే, కానీ అక్కడ ఒడ్డు చేరాక అసలు కష్టం మొదలవుతుంది. సొంతంగా దిగేవాళ్లను ఫిరా ఊరి కింద పాత రేవులో దింపుతారు. పైకి వెళ్లాలంటే కేబుల్ కార్, లేదా 580కి పైగా మెట్లు, లేదా గాడిదలు. మూడు నాలుగు ఓడలు వచ్చిన రోజున కేబుల్ కార్ వరుస గంట దాటుతుంది, సాయంత్రం దిగేటప్పుడూ అంతే. ఓడ టూరువాళ్లను సాధారణంగా అథీనియోస్ రేవులో దింపి అక్కడి నుంచి బస్సులో పైకి తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఇక్కడ మారుమాట లేకుండా ఓడ టూరే తీసుకోవాలి. తిరిగి కేబుల్ కార్‌లోనే దిగాల్సి ఉంటుందేమో ముందే అడగండి, చాలా టూర్లు అలాగే ముగుస్తాయి.

రోమ్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. ప్రకటనలో ‘రోమ్’ అని వేసినా ఓడ ఆగేది చివితవెక్కియాలో, అక్కడికి రోమ్ 80 కిలోమీటర్లు. పొద్దున 7కి చేరి సాయంత్రం 7కి బయలుదేరే ఓడ అనుకుందాం. దిగడానికి అనుమతి వచ్చేసరికి అరగంట. రేవులోని ఉచిత బస్సు లార్గో దెల్లా పాచె దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి స్టేషనుకు లోకల్ బస్సో, పాతిక నిమిషాల నడకో. రీజనల్ రైలు పట్టుకుని సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే వాటికన్‌కు నడిచి వెళ్లొచ్చు. ఎంత చురుగ్గా కదిలినా తొమ్మిదిన్నర, పది. సాయంత్రం అందరూ ఓడలో ఉండాల్సింది 7కి కాదు, దానికి అరగంట ముందు. ఆ ఆరున్నరకు రెండు గంటల ముందు, అంటే నాలుగున్నరకు చివితవెక్కియాలో ఉండేలా రోమ్‌లో మూడు, మూడుంబావుకు రైలెక్కాలి. చేతిలో మిగిలేది ఐదు గంటలు. అందులో వాటికన్ మ్యూజియంలు, కొలోసియం రెండూ లోపలికెళ్లి చూడాలనుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు. ఒకటి లోపలా, రెండోది బయటినుంచీ చూడాలి. మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ బసిలికాలోకి వెళ్లనివ్వరు. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు.

ఇటలీలో రైల్వే సమ్మెలు తరచూ జరుగుతాయి, వాటిని ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో సమ్మె ఉన్నా రీజనల్ రైళ్లు నడిపి తీరాల్సిన వేళలు పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9. పొద్దున రైల్లో హాయిగా వెళ్లిపోతారు. ఏడింటికి ఓడ కదిలిపోతుంది కాబట్టి సాయంత్రపు వేళ మాత్రం మీకు అక్కరకు రాదు. ప్రయాణానికి వారం ముందు సమ్మె తేదీలు చూసుకోండి. ఆ రోజు సమ్మె ఉంటే ఓడ బస్సు తీసుకోండి.

చాలామందికి తెలియని నడిమి దారి ఒకటుంది. దూరపు రేవుల్లో ఓడ కంపెనీలు గైడ్ లేకుండా ఉత్త బస్సు ప్రయాణం అమ్ముతాయి. రోమ్‌లో దింపి, చెప్పిన వేళకు అక్కడే ఎక్కించుకుంటారు. ధర పూర్తి టూరు కన్నా బాగా తక్కువ, తిరిగేది మన ఇష్టప్రకారం, వెనక్కి వచ్చే బస్సు ఇరుక్కుంటే హామీ వర్తిస్తుంది. ఆ బస్సు తప్పిపోతే మాత్రం బాధ్యత మనదే. రోమ్, ఫ్లోరెన్స్ లాంటి చోట్లకు మా సలహా ఇదే.

నేపుల్స్‌లో రేవు ఊళ్లోనే ఉంది. ప్రాచీన రోమన్ నగర శిథిలాలున్న పాంపేకి గరిబాల్ది స్టేషన్ నుంచి చిర్కుంవెసువియానా లోకల్ రైలు నలభై నిమిషాల్లోపే చేరుస్తుంది. సొంతంగా వెళ్లడానికి బాగా అనువైన చోటు. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్ మీద పేరుంటుంది. అందుకని టికెట్ ముందే కొని, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

అలాస్కాకు వెళ్లే మన కుటుంబాలు ఖర్చు లెక్క సరిగ్గా చూసుకోవాలి. ఓడ టూరు ధర తలకు ఇంత, బయట వ్యాన్ అయితే బండికి ఇంత. తలకు 120 డాలర్లు అనుకుంటే తాతయ్య, అమ్మమ్మ, పిల్లలతో ఆరుగురికి 720, వ్యాన్ అయితే ఎంతమంది ఎక్కినా బండి ధర ఒక్కటే. దంపతులు ఇద్దరే వెళ్తే ఈ తేడా దాదాపు ఉండదు, ఓడదే తీసుకోవచ్చు. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం రేవుకు 20 కిలోమీటర్ల లోపే, రేవు దగ్గరే షటిల్ బస్సులు దొరుకుతాయి. సిటీ బస్సు చవకే గానీ సందర్శకుల కేంద్రానికి రెండున్నర కిలోమీటర్ల ముందే దింపేస్తుంది, వానలో పెద్దవాళ్లతో ఆ నడక వద్దు. ముందు హిమానీనదం చూసి రండి, బజారు తర్వాత. దూరపుది ముందు, దగ్గరది చివర అనే వరుస అన్ని రేవులకూ పనికొస్తుంది.

స్కాగ్వేలో 1900లో పూర్తయిన వైట్ పాస్ రైలు ఎక్కనివాళ్లు అరుదు. శిఖరం దాకా వెళ్లి వచ్చే ప్రయాణం మూడు గంటల లోపు, కిందికి దిగేది ఉండదు, పాస్‌పోర్టుతో పని లేదు. అదే ఫ్రేజర్, కార్‌క్రాస్ దాకా వెళ్లే టూరైతే కెనడాలో అడుగు పెడుతున్నట్టే, మన పాస్‌పోర్టు మీద కెనడా వీసా ఉండాలి. చవగ్గా ఉందని బయట ఈ రెండోది కొని, రైలు దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో కూడా ఆగుతాయి కాబట్టి, అమెరికా సందర్శక వీసా మీద ఉన్న తల్లిదండ్రులకు ఎలాగూ కెనడా వీసా తీసుకోవాల్సిందే. అమెరికా వీసా కూడా మళ్లీ ప్రవేశించడానికి చెల్లేదిగా ఉండాలి.

ఓడ తప్పితే ఎంత నష్టమన్నది తర్వాతి రేవును బట్టి ఉంటుంది. చివితవెక్కియాలో తప్పి, మర్నాడు ఓడ నేపుల్స్‌లో ఉంటే రైలెక్కి చేరుకోవచ్చు. శాంతోరినిలో తప్పి, తర్వాతి రేవు టర్కీలోని కుషదాసి అయితే భారతీయ పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెంటపడలేరు. జూనో నుంచి బయటి ఊరికి రోడ్డే లేదు, విమానమో ఫెర్రీయో దిక్కు. మన ఆలస్యం వల్ల ఓడ తప్పితే చాలా బీమా పాలసీలు పైసా ఇవ్వవు, ఆ నిబంధన చదువుకోండి.

గడియారం దగ్గర కూడా మోసపోతారు. ఎండాకాలంలో మయామి నుంచి బయలుదేరిన ఓడ మయామి టైమే పాటిస్తుంటే, మెక్సికోలోని కోజుమెల్‌లో సెల్‌ఫోన్ దానికన్నా గంట వెనక చూపిస్తుంది. ఫోన్‌లో నాలుగైందని తీరిగ్గా వస్తే ఓడలో ఐదు అయిపోయి ఉంటుంది. చేతి గడియారం ఓడ టైముకు పెట్టుకోవడమే మేలు.

భద్రత సంగతీ చెప్పాలి. ఓడ కంపెనీ అమ్మింది గదా, ఢోకా లేదనుకోవడం పొరపాటు. ఆ టూర్లనూ నడిపేది స్థానిక కాంట్రాక్టర్లే. 2015 జూన్‌లో అలాస్కాలోని కెచికాన్ దగ్గర ఓడ ద్వారా బుక్ చేసుకున్న విహార విమానం కూలి పైలట్‌తో సహా 9 మంది చనిపోయారు. వాతావరణం బాగోలేకపోయినా ఎగిరే అలవాటునూ, అక్కడి కంపెనీల మధ్య పోటీ ఒత్తిడినీ దర్యాప్తు సంస్థ తప్పుపట్టింది. 2019 డిసెంబరులో న్యూజిలాండ్ వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం బద్దలై 22 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో చాలామంది ఓడ టూరు మీద వెళ్లినవాళ్లే. చిన్న విమానాలు, హెలికాప్టర్లు, అగ్నిపర్వతాలు ఎవరి దగ్గర కొన్నా, ఆ పొద్దున వాతావరణం అనుమానంగా ఉంటే డబ్బు పోయినా మానుకోవాలి.

బయటికి దిగేటప్పుడు దగ్గర ఉండాల్సినవి: ఓడ కార్డు, పాస్‌పోర్టు నకలు, చెల్లుబాటయ్యే క్రెడిట్ కార్డు, బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు సరిపడా. ఓడవాళ్లు రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో పోర్టు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. ఆలస్యమవుతుందని తెలిసిన మరుక్షణం ఫోన్ చేయాల్సింది ఆయనకే. బఫేలోంచి పెరుగన్నం, పళ్లు కట్టుకుని దిగాలని చూడకండి, చాలా దేశాల్లో రేవు గేటు దగ్గరే పారేయిస్తారు, జరిమానా కూడా వేస్తారు. సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

2022లో కార్డీలియా ఓడ వచ్చాక విశాఖ కూడా క్రూజ్ రేవుల జాబితాలో చేరింది. ఇక్కడ దిగే ప్రయాణికులకూ ఇదే సందేహం వస్తుంది. కైలాసగిరికి, జలాంతర్గామి మ్యూజియానికి ఆటోలో వెళ్లి రావచ్చు. అరకు 110 కిలోమీటర్ల పైన ఘాట్ రోడ్డు ప్రయాణం, ఒక్క పగటికి పెట్టుకోవద్దని వచ్చినవాళ్లకు రేవు గేటు దగ్గరే ఒక బోర్డు మీద రాసి చెప్పాలని పర్యాటక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

– పర్యాటక రంగంలో పనిచేసే పాఠకులు, విశాఖపట్నం