ఎర్రమట్టి దిబ్బల యాత్ర: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నమస్కారం. 2025 డిసెంబరులో మన హైస్కూలు తొమ్మిదో తరగతి పిల్లలు 44 మందిని, ఆరుగురు పెద్దలం వెంట ఉండి, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్లాం. ఆ లెక్క ఇది.

జమ: తలా రూ.400 చొప్పున 37 మంది పిల్లలు కట్టింది రూ.14,800. మిగతా ఏడుగురి దగ్గర తీసుకోలేదు, వాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు. పూర్వ విద్యార్థులు రూ.9,500, ఉపాధ్యాయులు రూ.4,000, మన ఊరి మందుల దుకాణం వారు రూ.2,000 ఇచ్చారు. మొత్తం రూ.30,300.

ఖర్చులో సగానికి పైగా బస్సుకే పోయింది. రూ.14,000కు మాట్లాడుకున్నాం. సాయంత్రం ఆలస్యమైందని ఇంకో వెయ్యి అడిగారు. పిల్లలు బస్సులో కూర్చుని ఉండగా గొడవెందుకని ఇచ్చేశాం. డ్రైవర్ బత్తా రూ.500తో కలిపి రూ.15,500. ఇడ్లీలకు రూ.2,000. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం వండిన అక్కలకు కూలి రూ.800, సరుకులకు రూ.3,150. నీళ్ల క్యాన్లకు రూ.180. గ్లాసులు పిల్లలే ఇంటి నుంచి తెచ్చుకున్నారు.

భూతద్దాలు 12 (రూ.1,080), అయస్కాంతాలు 12 (రూ.300), నోటు పుస్తకాలు (రూ.880), కొలిచే టేపు, తాడు (రూ.260) కొన్నాం. దిబ్బలు చూడ్డానికి ఇవన్నీ ఎందుకని ఒకరు అడిగారు. అడగడం సబబే. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోసిందని, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడిందని పాఠంలో చెబితే పిల్లలు తలూపుతారు. అక్కడ గుప్పెడు ఇసుక రుద్దితే వేలికి ఎరుపు అంటుకుంది. భూతద్దంలో చూస్తే ఆ ఎరుపు ఇసుక గింజ మీది పూత మాత్రమేనని, కింద ఉన్నది తెల్లని స్ఫటికమని కనిపించింది. తీరంలో నల్ల ఇసుక మీద అయస్కాంతం తిప్పితే నల్ల గింజలు మీసాల్లా లేచాయి. ఒకమ్మాయి అరగంట దాకా దాన్ని వదల్లేదు. ఈ సామానంతా స్కూల్లోనే ఉంది, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

గ్లౌజులకు, గోనె సంచులకు రూ.640. వాన నీరు కోసిన లోయల్లో సీసాలు, చిప్స్ ప్యాకెట్లు ఏరించాం, రెండు సంచులు నిండాయి. ఈ దిబ్బలు 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి (గుర్తింపు కోసం ముందుగా పేర్లు చేర్చే జాబితా) చేరాయి. అలాంటి చోట ఆ చెత్త చూస్తే బాధేసింది. కొందరు పిల్లలు పొట్లాల్లో పోసుకున్న ఎర్ర ఇసుకను అక్కడే వెనక్కి పోయించాం.

ప్రథమ చికిత్స పెట్టెకు రూ.350. గట్టు అంచున కాలు జారి ఒక పాపకు మడమ బెణికింది. ఆటోకు, ఎక్స్‌రేకు రూ.750 అయింది. ఎముకకు ఏమీ కాలేదు, ఇప్పుడు బాగా నడుస్తోంది. చెప్పులతో కాకుండా బూట్లతో పంపమని ముందే చెప్పకపోవడం మా తప్పు. పార్కింగుకు రూ.200, దీనికొక్కదానికే రసీదు లేదు.

మొత్తం ఖర్చు రూ.26,090, మిగులు రూ.4,210. ఈ డబ్బు ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంది, తల్లిదండ్రుల సమావేశంలో నిర్ణయించాకే వాడతాం. బిల్లుల ఫైలు ఆఫీసు గదిలో ఉంచాం. స్కూలు వేళల్లో ఎవరైనా వచ్చి చూడవచ్చు.