కంపెనీ లారీ ఎక్కేముందు

సంపాదకుల వారికి,

రాయగడ, కొరాపుట్ వైపు మన తెలుగు కుర్రాళ్లు చాలామంది సొంత లారీ వదిలి కంపెనీ లారీ ఎక్కాలని చూస్తున్నారు. జీతం నెలనెలా బ్యాంకులో పడుతుంది, టైర్ల ఖర్చు, కిస్తీల బెంగ ఉండవు. మంచిదే. కానీ జీతం కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. మూల వేతనం తగ్గించి బత్తా (దారి ఖర్చుల భత్యం) పెంచి చూపితే పీఎఫ్ కోత, జమ రెండూ తగ్గిపోవచ్చు.

అసలు తంటా డీజిల్ దగ్గర. కిలోమీటర్ల లెక్కన లీటర్లు కట్టి, తేడా వస్తే జీతంలో కోస్తారు. నిండు లోడుతో సాలూరు ఘాట్ ఎక్కే బండికి ఇచ్ఛాపురం హైవే మైలేజీ ఎలా వస్తుంది? ఘాట్‌కు వేరే లెక్క ముందే రాయించుకోవాలి. డీజిల్ మిగల్చాలని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం: ఇంజిన్ పట్టు పోయి, బ్రేకులు వేడెక్కి పట్టవు. పైగా కొత్త బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ సరఫరా దానంతటదే ఆగుతుంది.

అన్‌లోడింగ్ కోసం ఆగిన రోజులకు హాల్టింగ్ బత్తా ఎంతో అడగండి. ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000. అది ఎవరు కట్టాలో కాగితం మీద ఉండాలి.

– లారీ డ్రైవర్లు, రాయగడ, ఒడిశా