గుంటుపల్లి కొండ మీద గుక్కెడు నీళ్ల కోసం: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

మంత్రివర్యులకు నమస్కారములు.

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ గుహల దగ్గర తాగునీటి కోసం ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందిచ్చిన మూడు అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. రెండో అర్జీ తీసుకున్న అధికారి వేసవిలోపు కొండపైకి నీళ్లు తెప్పిస్తామని నా ఎదుటే మాట ఇచ్చారు. ఆ తర్వాత రెండు వేసవులు వెళ్లిపోయాయి.

మొన్న ఫిబ్రవరిలో మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాను. మెట్లెక్కేసరికే తెచ్చుకున్న సీసాలు ఖాళీ అయ్యాయి. క్రీస్తు పూర్వం నాటి ఆ గుండ్రని చైత్యగృహంలో, అంటే స్తూపం ఉన్న బౌద్ధ ప్రార్థనా మందిరంలో, కొయ్య ఇంటి వాసాలను అచ్చంగా రాతిలో దించిన కప్పును చూపించి, బీహారులోని బరాబర్ గుహలతో దానికున్న పోలికను చెప్పబోతుండగా, ఒక అమ్మాయి కళ్లు తిరిగి గోడకు జారబడింది. లోపలి స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలవడానికి వచ్చిన ఒక ముసలమ్మ, అభిషేకానికి కింది నుంచి చెంబుతో మోసుకొచ్చిన నీళ్లను ఆ పిల్ల నోట్లో పోసి, మిగిలిన తడితో ముఖం తుడిచింది. స్వామికి ఏం పోస్తావమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు. భిక్షువులు నివసించిన విహారాలూ, కొండ మీద పరచుకున్న మొక్కుబడి స్తూపాలూ చూడకుండానే పిల్లలతో దిగివచ్చాను.

అయ్యా, ఎండాకాలం దారి పక్కన చలివేంద్రం పెట్టడం మన ఊళ్లలో ఎవరూ చెప్పకుండానే చేసే పని. మా ఉపాధ్యాయులమే తలా కొంత వేసుకుని నాలుగు కుండలు, ఒక పందిరి పెడతామన్నాము. అది రక్షిత ప్రదేశమనీ, అనుమతి లేనిదే గుంజ కూడా పాతకూడదనీ చెప్పారు. ఆ నిబంధన సరైనదేనని మేమూ ఒప్పుకుంటాము. రెండు వేల ఏళ్లు నిలిచిన రాతి పక్కన ఎవరుపడితే వారు తవ్వకూడదు. అందుకే అనుమతి అడిగాము. నా మూడో అర్జీ అదే. దానికీ ఉలుకూ పలుకూ లేదు.

మీరు నీళ్లు పెట్టించండి, లేదా మమ్మల్ని పెట్టుకోనివ్వండి. చైత్యగృహానికి ఎంత దూరంలో పెట్టమంటే అంత దూరంలో, మెట్ల మొదట్లో పెట్టమన్నా సరే, పెడతాము. వచ్చే ఫిబ్రవరికి మరో తరగతిని తీసుకువెళ్లాలి. ఆ అమ్మాయి సంగతి ఊరంతా తెలిసింది కనుక, సమ్మతి పత్రాల మీద సంతకం పెట్టడానికి తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. వారికి చూపించడానికి మీ నుంచి ఒక్క కాగితం ఇప్పించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు